స్కోరు షీటులో లేని గడి

చిరంజీవి చిన్నాకి నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నానమ్మకి మోకాళ్ళ నొప్పులు మామూలే. వేపచెట్టు కొమ్మ కరెంటు తీగకి తగులుతోందని నిన్న లైన్‌మన్ వచ్చి కొట్టేసి పోయాడు.

ఆదివారం నీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ అయ్యాక రాత్రి ఫోన్లో నేను అడిగిన మొదటి మాట "ఎన్ని పాయింట్లు కొట్టావురా?" అని. నువ్వు "నాలుగు" అన్నావు. ఆ తర్వాత ఎంత కదిపినా ఊఁ, ఆఁ తప్ప మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక మీ అమ్మ అంది కదా, "ముప్ఫై ఏళ్ళు డ్రిల్ మాస్టారుగా చేసి, పక్కింటాయన అడిగినట్టు అడిగారేంటండీ" అని. రెండు రోజులుగా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. తప్పు నాదే. ఫోన్లో తప్పయిందని చెప్పడం నాకు చేతకాదని నీకు తెలుసుగా, అందుకే ఈ ఉత్తరం.

మీ కోచ్ నిన్ను రింగు వదిలి బయటికి రానివ్వడం లేదని, షాట్ వేస్తే కోప్పడుతున్నాడని, బంతి నీ దాకా రావడమే లేదని అమ్మ దగ్గర చెప్పుకున్నావట. "ఇంత పొడుగు పెరిగింది కాపలా కాయడానికా?" అన్నావట. రింగు కింద నిలబడి ఎదుటివాళ్ళ షాట్లు ఆపే ఆ కాపలా పనే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 18 సీజన్లు చేసిన ఒకాయన సంగతి చెబుతాను. వేలు ఊపే వీడియోల్లో నువ్వు చూసిన మనిషే, డికెంబే ముటోంబో. నీకు ఆ వేలు తెలుసు. ఆ వేలు వెనక ఉన్నది చెప్పాలని నా తాపత్రయం.

1966లో ఆఫ్రికాలోని కాంగో రాజధాని కిన్‌షాసాలో పుట్టాడు. చాలామంది పిల్లల్లో ఒకడు, తండ్రి చదువులు చెప్పే ఉద్యోగంలో ఉన్నాయన. చిన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడేవాడు. పదహారేళ్ళ వయసుకి గాని బాస్కెట్‌బాల్ దగ్గరికి రాలేదు, అదీ ఇంట్లో వాళ్ళు తోస్తే. నువ్వు ఏడో తరగతిలోనే మొదలెట్టావు, గుర్తుంచుకో. 1987లో స్కాలర్‌షిప్ మీద వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీకి వెళ్ళాడు. వెళ్ళింది ఆటకి కాదు, డాక్టరయి తిరిగి వద్దామని. అప్పటికి వయసు 21, ఇంగ్లీషు దాదాపు రాదు. మొదటి ఏడాది జట్టులో ఆడలేదు, ఇంగ్లీషు నేర్చుకుంటూ గడిపాడు. చివరికి డాక్టర్ కాలేదు. 1991లో భాషాశాస్త్రం, దౌత్యం చదివి పట్టా పుచ్చుకున్నాడు. తొమ్మిది భాషలు మాట్లాడేవాడు. గొంతు మాత్రం ఏ భాషలోనైనా ఒకటే, డ్రమ్ములో కంకర దొర్లించినట్టు.

జార్జ్‌టౌన్ కోచ్ జాన్ థాంప్సన్. ఈయన తన ఆటరోజుల్లో బోస్టన్ జట్టులో బిల్ రసెల్‌కి బదులు ఆటగాడిగా బెంచీ మీద కూర్చున్నవాడు. అంటే రింగు కింద నిలబడి ఆపడమనే విద్యని దాని గురువు పక్కనే కూర్చుని చూసినవాడు. అలాంటాయన చేతిలో ఈ 7 అడుగుల 2 అంగుళాల కుర్రాడు పడ్డాడు. అయినా వెంటనే అందలం ఎక్కించలేదు. ముటోంబో జట్టులోకి వచ్చిన ఏడే అలొంజో మౌర్నింగ్ అనే మరో పొడుగాటి పిల్లవాడూ వచ్చాడు, ముందు పేరంతా అతనికే. ముటోంబో కాసేపే ఆడేవాడు. ఆ కాసేపట్లోనే 1989 జనవరిలో సెయింట్ జాన్స్ జట్టు మీద ఒక్క ఆటలో 12 షాట్లు ఆపాడు.

ఇక్కడ కాస్త మాస్టారి పాఠం చెప్పనీ. మన స్కూలు గ్రౌండులో చింతకొమ్మకి కూరగాయల వలసంచిలో బంతి పెట్టి వేలాడదీసి మీ చేత ఎగిరించేవాణ్ణి కదా. అందరూ ఏం చేసేవారు? ఈడ్చి కొట్టేవారు. సంచి కొమ్మ చుట్టూ చుట్టుకునేది, పిల్లలు ఈలలు వేసేవారు. నేను కేకలేసేది అందుకే. ఎదుటివాడి షాట్‌ని గోడ అవతలికి కొడితే చూడ్డానికి భలేగా ఉంటుంది, కాని బంతి మళ్ళీ వాడి చేతికే వస్తుంది. రసెల్ అలా కొట్టేవాడు కాదు. వేళ్ళ చివరతో తప్పించి, బంతిని తన జట్టువాడి మీదికి పడేసేవాడు. ఆపిన చోటే మనవాళ్ళ ఎటాక్ మొదలవుతుంది. (ముటోంబో జనంలోకి కొట్టిన బంతులూ బోలెడున్నాయి. ఆ వేలు ఊపాలంటే అదే బాగుంటుంది మరి.) ఇంకో చిక్కు. బంతి పైకి వెళ్ళేటప్పుడే తాకాలి. కిందికి దిగడం మొదలయ్యాక ముట్టుకుంటే ఊరికే రెండు పాయింట్లు వాళ్ళకి రాసిచ్చినట్టే. అంటే నీకున్న టైము రెప్పపాటు. ముందే ఎగిరితే వాడు ఆగి, నువ్వు దిగాక వేస్తాడు. ఆలస్యమైతే ఫౌల్. వాడి చేతుల్ని కాదు, నడుముని చూడాలని నీకు ఎన్నిసార్లు చెప్పానో.

1991లో ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్ళని వరసగా ఎంచుకునేటప్పుడు డెన్వర్ నగ్గెట్స్ జట్టు ఈయన్ని నాలుగో ఎంపికగా తీసుకుంది. మొదటి ఏడాదే ఆల్‌స్టార్. ఆ నవంబర్‌లోనే మైకేల్ జోర్డాన్ ఈయన్ని ఆటపట్టిస్తూ, కళ్ళు మూసుకుని ఫ్రీ త్రో (ఫౌల్ అయినందుకు ఎవరూ అడ్డం రాకుండా వేసే షాట్) వేసి లోపల పడేశాడు. అదీ నువ్వు చూపించిన వీడియోనే.

1994 సంగతి మాత్రం పూర్తిగా చెప్పాలి. సీజన్ చివర్న టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో ఎనిమిదో స్థానంతో వచ్చిన డెన్వర్ ఒకవైపు, ఆ సీజన్లో 63 ఆటలు గెలిచిన సియాటిల్ సూపర్‌సోనిక్స్ మరోవైపు. డెన్వర్ గెలిచినవి 42. ఐదింట్లో మూడు గెలిచినవాళ్ళు ముందుకి. మొదటి రెండూ సియాటిల్‌వే. ఇక సర్దుకోవడమే అనుకుంటుండగా సొంతూళ్ళో రెండు గెలిచారు. ఐదోది మళ్ళీ సియాటిల్‌లో, అదనపు సమయం దాకా పోయింది. 98-94. ఎనిమిదో స్థానం జట్టు మొదటి స్థానం జట్టుని ఓడించడం ఎన్‌బీఏలో అదే తొలిసారి. ఐదు ఆటల్లో ముటోంబో ఆపిన షాట్లు 31. రింగుకి తగిలి వెనక్కొచ్చిన చివరి బంతి, అదే రీబౌండ్, చేతికి అందగానే నేలమీద వెల్లకిలా పడిపోయి, బంతిని రెండు చేతులతో తలపైన పట్టుకుని నవ్వాడు. ఆనందం పట్టలేకపోవడమంటారే, అదీ. ఆ ఫొటో పత్రికలో పడితే కత్తిరించి స్కూల్లో నా బీరువా తలుపుకి లోపలివైపు అంటించాను. బదిలీ అయినప్పుడు తీయబోతే చిరిగిపోయింది.

వేలు గురించి కూడా చెప్పేస్తాను. షాట్ ఆపగానే చూపుడువేలు అటూ ఇటూ ఊపేవాడు, "నా ఇంట్లో కుదరదు" అన్నట్టు. ఎదుటి ఆటగాడి మొహం మీద ఊపితే కవ్వింపు కింద శిక్ష వేస్తామని లీగ్ అంది. ఈయన జనం వైపు తిరిగి ఊపడం మొదలెట్టాడు. అది తప్పు కాదట! ఆయన మోచేతులకి మాత్రం ఏ రూలూ సరిపోలేదు. దెబ్బ తిన్నవాళ్ళ లిస్టు పెద్దదే. నువ్వు అది నేర్చుకోకు.

డెన్వర్ తర్వాత అట్లాంటా, ఫిలడెల్ఫియా, న్యూజెర్సీ, న్యూయార్క్, హ్యూస్టన్. ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి అవార్డు నాలుగు సార్లు, 1995, 97, 98, 2001లో. ఛాంపియన్‌షిప్ ఒక్కటీ లేదు. ఫిలడెల్ఫియా తరఫున ఈయన ఆడిన 2001 ఫైనల్స్ నేను కేబుల్ ఉన్న స్నేహితుడింట్లో పొద్దున్నే ఆరున్నరకి టీ గ్లాసు పట్టుకుని చూశాను. అటువైపు షకీల్ ఓనీల్, కొండలాంటి మనిషి, సగటున ఆటకి 33 పాయింట్లు వేశాడు. ముటోంబో ప్రతిసారీ ఎదురు నిలబడ్డాడు, ప్రతిసారీ వెనక్కి నెట్టబడ్డాడు. మొదటి ఆట గెలిచి తర్వాత వరసగా నాలుగు ఓడారు. మా వాడు "మీ ముటోంబో పనైపోయింది" అన్నాడు. టీ తాగకుండానే వచ్చేశాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

పనైపోలేదు. హ్యూస్టన్‌లో చైనా నుంచి వచ్చిన పొడుగాటి ఆటగాడు యావో మింగ్‌కి బదులు ఆటగాడిగా బెంచీ మీద కూర్చోవడానికి ఒప్పుకున్నాడు, ఒకప్పుడు థాంప్సన్ కూర్చున్నట్టు. 40 దాటాక ఒక ఆటలో 22 రీబౌండ్లు పట్టాడు. 2008లో జట్టు వరసగా 12 గెలిచిన ఊపులో ఉండగా యావో కాలి ఎముక చిట్లింది. 41 ఏళ్ళ ముటోంబో అతని స్థానంలో దిగాడు. ఆ వరస 22 దాకా వెళ్ళింది. మరుసటేడు పోర్ట్‌లాండ్ మీద ప్లేఆఫ్స్‌లో మోకాలు దెబ్బతింది, అక్కడితో ఆట ముగిసింది. అప్పటికి ఆపిన షాట్లు 3,289. ఈయనకన్నా పైన ఉన్నది 3,830తో హకీమ్ ఒలాజువాన్ ఒక్కడే. సగటు పాయింట్లు తెలుసా? 9.8. పది కూడా కాదు.

ఆట బయట సంగతి ఒకటి ఉంది, దాన్ని పైపైన చెప్పలేను. 1998లో ఈయన అమెరికాలో ఉండగా కిన్‌షాసాలో తల్లి బియాంబా మేరీకి ప్రాణం మీదికొచ్చింది. ఊళ్ళో గొడవలు, బయట తిరగడానికి లేదు. ఆస్పత్రికి చేర్చలేకపోయారు, ఇంట్లోనే పోయింది. ఆ తల్లి పేరు మీద కిన్‌షాసా శివార్లలో, మసీనాలో 300 పడకల ఆస్పత్రి కట్టాడు. ఖర్చు దాదాపు 2 కోట్ల 90 లక్షల డాలర్లు, అందులో కోటిన్నర సొంత డబ్బు. 2007లో రోగుల్ని చూడటం మొదలైంది. మధ్యలో ఎంత టైము పట్టిందో చూడు. డబ్బున్నవాడికే అంత పట్టింది. అంతకుముందు 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కి వచ్చిన తమ దేశపు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకి, అప్పుడు దేశం పేరు జైర్, ఖర్చులూ యూనిఫారాలూ ఈయనే పెట్టుకున్నాడు. 2024 సెప్టెంబర్ 30న మెదడు క్యాన్సర్‌తో పోయాడు, 58 ఏళ్ళకే. ఆ వార్త చదివిన రోజు నేను భోజనం చేయలేదని అమ్మ నీతో చెప్పే ఉంటుంది. కడుపులో బాగాలేదని అబద్ధం ఆడాను.

ఇక అసలు మాట. ఆపిన షాట్లు లెక్కపెట్టడం ఎన్‌బీఏలోనే 1973-74 సీజన్ నుంచి మొదలైంది. అంతకుముందే ఆడిన రసెల్ ఎన్ని ఆపాడో ఇప్పుడు ఎవడూ చెప్పలేడు. మన టోర్నమెంట్ల స్కోరు షీటులో ఇప్పటికీ దానికి గడి లేదు. పాయింట్లకి ఉంది, ఫౌల్స్‌కి ఉంది, టైమ్ అవుట్లకి ఉంది. ముప్ఫై ఏళ్ళు ఆ షీట్లు నింపినవాణ్ణి నేనే, ఒక్కనాడూ పక్కన ఒక గీత గీద్దామన్న బుద్ధి పుట్టలేదు. నువ్వు నిలబడ్డావని లోపలికి రావడానికి జంకి, బయటినుంచే గుడ్డిగా వేసి పోగొట్టుకున్న షాట్లయితే అమెరికా వాళ్ళ లెక్కలో కూడా సరిగా దొరకవు. ఆదివారం అలాంటివి ఎన్ని ఉన్నాయో నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు.

శనివారం గుంటూరు మ్యాచ్‌కి వస్తున్నాను. చీరాలలో ప్యాసింజర్ ఎక్కి తెనాలిలో మారతాను. నానమ్మ సున్నుండలు చేస్తోంది, జట్టు మొత్తానికీ సరిపోయేలా చేయమన్నాను. మోకాలికి కట్టుకునే ఎలాస్టిక్ పట్టీ పాతది సాగిపోయిందన్నావుగా, కొత్తది తెస్తున్నాను. లాంగ్ నోట్‌బుక్‌లో మూడు గళ్ళు గీసి పెట్టుకున్నా. ఒకటి ఆపినవి, ఒకటి ఆపాక మనవాళ్ళకి దొరికినవి, ఒకటి వాడు భయపడి వేయనివి. మూడోదానికి పెన్సిల్ తెస్తున్నాను, మ్యాచ్ అయ్యాక నువ్వూ నేనూ కూర్చుని తేల్చాలి కదా.

మీ కోచ్ గారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నాన్న