ఏది చూసినా సైకోయేనా?

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ జిల్లా ఎడిషన్‌లో 'కాలువ గట్టున సైకో వీరంగం' అనే వార్త చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక ఊరుకోలేక రాస్తున్నాను. మీరు సైకో అన్న కుర్రాడు మా వీధివాడే. కొబ్బరి ఒలుపు పని. మాత్రలు వేసుకున్నన్నాళ్లూ గునపానికి కాయ గుచ్చి ఒక్క మెలితో పీచు లాగేస్తాడు, లెక్కలో ఒక్క కాయ తేడా రాదు. మాత్రలు ఆగితే మాత్రం చెవిలో ఎవరో తిడుతున్నారంటాడు. ఆ రోజూ అదే జరిగింది. టీ కొట్టు అద్దం పగలగొట్టాడు, కాదనను. పగలగొట్టి, అక్కడే చెవులు మూసుకుని కూలబడ్డాడు. చుట్టూ పాతికమంది ఫోన్లెత్తి వీడియోలు తీశారు గానీ, "వాళ్లమ్మని పిలవండర్రా" అన్నవాడు లేడు. వాళ్లంతా బుద్ధిమంతులు కాబోలు!

అదే పేజీలో గట్టు తగాదాలో సొంత అన్నను నరికినవాడూ మీకు సైకోయే. వాడికి జబ్బుందని ఏ డాక్టరు చెప్పారండీ? అమెరికాలో మిల్‌గ్రామ్ అనే సైకాలజిస్టు 1961లో గుమస్తాలు, టీచర్లు, ఇంజినీర్ల వంటి మామూలు మనుషులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. జవాబు తప్పినప్పుడల్లా అవతలివాడికి షాక్ ఇవ్వమంటే, 40 మందిలో 26 మంది చివరిదాకా, 450 వోల్టుల మీట వరకూ నొక్కుకుంటూ పోయారు. (షాక్ ఉత్తుత్తిదే లెండి, ఆ సంగతి వాళ్లకు తెలీదు.) ఒక్కరికీ పిచ్చి లేదు. ప్రయోగం నడిపే ఆయన కానివ్వమన్నాడు, కానిచ్చారు. ఇక్కడ మాత్రం? రొయ్యల చెరువుల మురుగు రాత్రికి రాత్రి డ్రెయిన్‌లోకి వదిలేవాళ్లకూ, ముక్కు మూసుకుని పక్కనుంచి వెళ్లిపోయే అధికారులకూ మతి శుభ్రంగానే పనిచేస్తోంది.

ఊరి నీతికీ కట్టుబాట్లకూ సరిపడలేదన్న కారణంతో ఎవరికీ మానసిక జబ్బు అంటగట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 3వ సెక్షన్‌లోనే చెప్పింది. మీ విలేకరులకు ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండు.

ఇంతకీ మాత్రలెందుకు ఆగాయి? వార్తలో ఆ ముక్కే లేదు. ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో రెండు నెలలుగా స్టాకు లేదంటున్నారు. మానసిక వైద్యులు శుక్రవారం వస్తారని గోడకు బోర్డుంది. డాక్టరు సంగతేమో గానీ బోర్డు ఏడు రోజులూ డ్యూటీలోనే ఉంటోంది. ఆ తల్లి బస్సెక్కి కాకినాడ వెళ్లాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం పెట్టింది 1982లో. నలభై ఏళ్లు దాటినా మందు గోదావరి దాటి మా లంక ఊళ్లకు రాలేదు.

రోజూ రాశిఫలాలకు అరపేజీ ఇస్తున్నారు. ఇలాంటి వార్త వేసినప్పుడు కింద ఒక్క లైను, మానసిక ఇబ్బందులకు సర్కారువారి ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416, వేయండి. డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. అద్దం పగిలిన టీ కొట్టాయన కూడా ఆ నంబరు తెలిస్తే అప్పుడే చేసేవాణ్ణన్నాడు.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, అంబాజీపేట