కీమో రోగుల కషాయాల గురించి కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

అయ్యా,

ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి కీమోకు (కేన్సర్‌కు ఇచ్చే మందుల చికిత్సకు) వచ్చేవాళ్లలో కొందరు ఇంట్లో కషాయం తాగుతూ, డాక్టరు కోప్పడతారని చెప్పరు. మూలికలతో కణితి కరుగుతుందనడానికి రుజువు లేదు. ఆయుర్వేద వైద్యులుగా ఆ మాట మేమే చెప్పాలి. వాంతి, నోటిపూత లాంటి బాధల దగ్గర మాత్రం వాటికి పనుంది.

వాంతికి శొంఠిపొడి రోజుకు అర గ్రాము నుంచి గ్రాము, విడతలుగా, వాంతులు ఆపే మాత్రలతోపాటే. ప్లేట్‌లెట్లు పడిపోతే ఆపాలి. నోటిపూతకు 10 గ్రాముల అతిమధురం ముతకపొడిని 160 మిల్లీలీటర్ల నీళ్లలో నాలుగో వంతు మిగిలేదాకా కాచి, వడకట్టి, చల్లార్చి పుక్కిలించాలి. ఏ రోజుది ఆ రోజే. ఉమ్మేయాలి, మింగకూడదు: అతిమధురం ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా అదే చేస్తుంది.

కీమో తర్వాత సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు పచ్చి ఆకు పసరు వద్దే వద్దు; కాచనిదాంట్లో క్రిములుంటాయి. తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. కూరలో పసుపుతో భయం లేదు గానీ, పసుపు సారం, మిరియాల సారం కలిపిన మాత్రలు రొమ్ము కేన్సర్ మందు టామాక్సిఫెన్ పనిని తగ్గించవచ్చు.

కేన్సర్ వార్డు కేసు షీటులో ‘వాడుతున్న మూలికలు’ అని ఒక గడి పెట్టించండి. వారానికొక పూట ఆయుష్ వైద్యుణ్ణి అక్కడ కూర్చోబెట్టండి. కేన్సర్ నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. ఆ బోర్డులు తీయించండి. లేబుల్ లేని భస్మం పొట్లాలను సీసం, పాదరసం పరీక్షకు పంపించండి. ముందు ఈ పొట్లాల సంగతి చూడండి.

ఇట్లు,
జిల్లా ఆయుర్వేద వైద్యులు కొందరు