2024–25 వార్షిక నివేదిక: సముద్రంలో మన చోటు

మన మత్స్యకారుల సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కమిటీలో ఎక్కువసేపు నలిగిన విషయం చేపల వేటకు సముద్రంలో మనకు మిగిలే చోటు. కాకినాడ రేవు దాటగానే యాంకరేజీలో, అంటే ఓడలు ఆగే చోట, ఓడలు లంగరేసి ఉంటాయి. వాటికి బియ్యం బస్తాలు చేరవేసే బార్జీలు తిరుగుతుంటాయి. హోప్ ఐలాండ్ అడ్డు ఉండబట్టి అక్కడ నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. ఓడలకు కావలసిందీ, చిన్న తెప్పలకు కావలసిందీ ఆ నెమ్మదే. ఇంకా లోపలికి పోతే గ్యాస్, చమురు బావులు. 2009లో కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డీ6 బ్లాకులో గ్యాస్ మొదలైంది, 2024 జనవరిలో ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ లోతు నీళ్లలో చమురు తీయడం మొదలుపెట్టింది. ప్లాట్‌ఫారం చుట్టూ 500 మీటర్ల లోపలికి మన పడవ పోకూడదు. చేప మాత్రం ఆ ఇనుప కాళ్ల దగ్గరే చేరుతుంది!

ఓడ తగిలి వల తెగిన కేసుల్లో పరిహారం అడిగితే ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఏ ఓడ, రుజువేది? చీకట్లో ఓడ పేరు ఎవరికి కనపడుతుంది? అందుకే ఒక చీటీ అచ్చు వేయించాం. వల వేసిన చోటు జీపీఎస్ పాయింటు, టైము, ఓడ పోయిన దిక్కు సరంగు (బోటు నడిపేవాడు) అక్కడికక్కడే రాయాలి. పెన్సిలుతోనే రాయండి. జెల్ పెన్నుతో రాసినవి ఉప్పునీళ్లకు అలికినట్టయి చదవరాలేదు. తెగిన తాడు పారేయకుండా కొస కనపడేలా ఫోటో తీయండి.

రేవు వాళ్లు, చమురు కంపెనీలు, కోస్ట్‌గార్డ్, ఎవరి నోటీసు వాళ్లదే. చమురు కోసం వెతికే సర్వే ఓడ వస్తోందని మనకు తెలిసేసరికి వలలు నీళ్లలో ఉంటున్నాయి. అన్ని పనులూ ఒకే పటం మీద, తెలుగులో, వారం ముందు రేవులో అతికించాలని వినతిపత్రం ఇచ్చాం. జవాబు రాలేదు, మళ్లీ వెళ్తాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన వేట ఆపుతారు, మరి గుడ్లు పెట్టే చేపల మీదుగా తిరిగే ఓడల వాళ్లకు ఏ నిబంధనా లేదా అని సభలో ఒక కలాసీ (బోటు పనివాడు) అడిగాడు. ఆ ప్రశ్ననూ వినతిపత్రంలో చేర్చాం. నిషేధ కాలపు భృతి 2025 ఏప్రిల్‌లో 10,000 నుంచి 20,000 రూపాయలకు పెరిగింది, సంతోషం.

ఇక మనలో మన తగువు. 1994 నాటి రాష్ట్ర చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్లు సంప్రదాయ పడవలవే. రొయ్య కోసం మర బోట్లు ఆ లోపలే ట్రాల్ (అడుగున ఈడ్చే వల) లాగుతున్నాయని తెప్పల వాళ్లు ఫిర్యాదు చేశారు. రెండు వర్గాలూ సభ్యులే కాబట్టి మాటామాటా పెరిగింది. ఆ గీత లోపల జరిగే ఏ తగాదాలోనూ మర బోటు తరఫున సంఘం రాదని తీర్మానించాం. కొందరు యజమానులు అలిగారు. కంపెనీల ముందు చోటు కోసం కూర్చునే మనం పక్కవాడి చోటులో వల లాగితే అడగడానికి నోరెలా వస్తుంది?

చీటీల పుస్తకాలు ఆఫీసులో ఉన్నాయి. వేట మొదలయ్యేలోగా బోటుకొకటి తీసుకెళ్లండి. చందా బాకీ ఉన్నవాళ్లకూ ఇస్తాం.