కల్పన పేరు చేరింది

తెనాలి,
5 అక్టోబరు 2020

చిన్నీ,

అంతరిక్ష కేంద్రానికి సరుకు మోసుకెళ్లిన సిగ్నస్ నౌకను మధ్యాహ్నం మూడు గంటల రెండు నిమిషాలకు పట్టుకున్నారు. అమెరికాలో నీకప్పుడు తెల్లవారుజాము అయిదున్నర. మంచి నిద్రలో ఉంటావని ఫోన్ చెయ్యలేదు. నువ్వు లేచాక వాట్సాప్‌లో ఒక్క ముక్క చెబితే సరిపోయేదే గానీ, మూడు రోజులుగా మనసులో తిరుగుతున్నదంతా అందులో పట్టదు. అందుకే కాగితం తీశాను. ఫొటో తీసి పంపిస్తాను, తీరిగ్గా చదువుకో.

గాంధీ జయంతి సెలవు కదా అని శుక్రవారం పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఇంకా రెండు నిమిషాల నలభై సెకన్లు ఉందనగా రాకెట్ ప్రయోగం ఆపేశారు. నేల మీది పరికరాల్లో ఏదో తేడా వచ్చిందట. మర్నాడు పొద్దున 6:46కి లేచింది. నీకింకా శుక్రవారం రాత్రే. "అమ్మా, చెట్ల పైన ఎర్రటి చుక్క పాకుతోంది" అని నువ్వు బాల్కనీలోంచి ఫోన్లో అరిచావు చూడు, ఇక్కడ తెరమీద నేను చూస్తున్న మంట, అక్కడ నీ కంటికి ఆనిన చుక్క ఒకటేనంటే చాలాసేపు నమ్మబుద్ధి కాలేదు. రాకెట్ ఎగిరిన వాలప్స్ దీవి మీ రిచ్‌మండ్‌కి అంత దగ్గరని నేనెప్పుడూ మ్యాప్‌లో చూడనే లేదు.

అక్కణ్ణుంచి రెండు రోజుల ప్రయాణం. అంతరిక్ష స్టేషను ఉన్నది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున. మన ఊరి నుంచి హైదరాబాదు దాటి ఇంకాస్త వెళ్లినంత, అంతే. మరి రెండు రోజులెందుకని నాన్న అడిగారు. స్టేషను ఒక చోట నిలబడి ఉండదు కదా. గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో, గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తుంటుంది. వెనకున్న నౌక దాన్ని అందుకోవాలి. రోడ్డు మీదైతే యాక్సిలరేటర్ తొక్కుతాం. అక్కడ అలా తొక్కితే పై కక్ష్యలోకి పోయి ఇంకా వెనకబడుతుంది. అందుకని కిందే ఉండి తిరుగుతుంది. గుళ్లో ధ్వజస్తంభాన్ని ఆనుకుని ప్రదక్షిణ చేసేవాళ్ల చుట్టు, ప్రాకారం వెంట తిరిగేవాళ్ల కంటే ముందు పూర్తవుతుంది కదా, అలాగన్నమాట. పైగా ఇక్కడ కింద ఉన్నదాని వేగం కూడా ఎక్కువే. అలా చుట్టుచుట్టుకీ దూరం తగ్గించుకుంటూ, మధ్యమధ్య ఇంజను కాసేపు వెలిగించుకుని మెట్టుమెట్టుగా పైకెక్కుతుంది. ఇరవై ఏళ్లకు పైగా గురుత్వాకర్షణ పాఠం చెబుతున్నాను. బోర్డు మీద రాసే సూత్రం నా కళ్లముందు నడవడం ఇదే చూడటం.

లోపల సుమారు మూడున్నర టన్నుల సరుకు. మొలకెత్తించి పెంచి చూడటానికి ముల్లంగి విత్తనాలు కూడా ఉన్నాయి. అన్నిటికంటే నన్ను పట్టుకున్నది కొత్త మరుగుదొడ్డి. ఇప్పుడున్న దానికంటే 65 శాతం చిన్నదట, 40 శాతం తేలికట. ఆడవాళ్లకు కూడా వీలుగా ఉండేట్టు తయారు చేశారట. నేను మొదట చేరిన బళ్లో ఆడటీచర్లకు మరుగుదొడ్డి ఉండేది కాదు. సాయంత్రం బస్సు దిగేదాకా గుక్కెడు నీళ్లు తాగేవాళ్లం కాదు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు కూడా. ఆకాశంలో ఉన్న ఆడపిల్ల గురించి ఎవరో కూర్చుని ఆలోచించారని చదివి కళ్లు తుడుచుకున్నాను.

ఇవాళ మూడింటికి పదో తరగతి ఆన్‌లైన్ క్లాసు. పిల్లలకూ అదే చూపించాను. రెండు పక్కలా గుండ్రంగా విప్పిన విసనకర్రల్లాంటి సౌరఫలకాలతో నౌక మనిషి నడకకన్నా నెమ్మదిగా దగ్గరికొచ్చి, పది మీటర్ల దూరంలో ఆగింది. "తనే వెళ్లి అతుక్కోదా టీచర్?" అని ఒక పిల్లాడు అడిగాడు. రష్యా వాళ్ల సరుకు నౌక ప్రోగ్రెస్ అతుక్కుంటుంది. ఈ సిగ్నస్ మాత్రం దగ్గరికొచ్చి ఆగుతుంది, లోపలున్న మనిషి చెయ్యి చాచి అందుకోవాలి. స్టేషనుకున్న పదిహేడు మీటర్ల పొడవైన కెనడా రోబో చెయ్యిని వ్యోమగామి క్రిస్ కాసిడీ నడిపారు. సాయంత్రానికి స్టేషనుకి బిగించేశారు.

ఇంతకీ అది పట్టుబడినప్పుడు నేనెందుకు క్లాసు మధ్యలో మాట్లాడలేకపోయానో నీకు చెప్పాలి. దాని పేరు ఎస్.ఎస్. కల్పనా చావ్లా.

నువ్వు పుట్టిన 1997లోనే కల్పన మొదటిసారి వెళ్లింది. వెళ్లిన అంతరిక్ష షటిల్‌కున్న రోబో చెయ్యి నడిపింది తనే. వదిలిన స్పార్టన్ ఉపగ్రహం మాట వినక, మళ్లీ పట్టుకోబోతే తిరగడం మొదలుపెట్టింది. చివరికి ఇద్దరు బయటికి వెళ్లి చేతులతో పట్టుకొచ్చారు. 2003 ఫిబ్రవరి 1, శనివారం రాత్రి, నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం పెడుతూ టీవీ చూస్తున్నాను. కల్పన రెండోసారి వెళ్లిన షటిల్ దిగడానికి ఇంకా పదహారు నిమిషాలు. పదహారు రోజులు పైన ఉండి వస్తున్న ఏడుగురు. తర్వాత షటిల్ ముక్కలై, ఆకాశంలో ఆ తెల్లటి గీతలు. "అమ్మా, ఆ అక్క వచ్చేసిందా?" అని నువ్వు రెండుసార్లు అడిగావు. ఏం చెప్పానో నాకు గుర్తులేదు. చెప్పలేదనుకుంటాను.

కల్పన ఆ స్టేషనులో ఎన్నడూ కాలు పెట్టలేదు. ఇవాళ ఆమె పేరు రాసుకున్న ఓడ దగ్గరికి ఒక చెయ్యి చాచారు, పట్టు తప్పలేదు. వచ్చేసింది చిన్నీ, నీకు ఇప్పుడు చెబుతున్నాను.

పనైపోయాక చెత్త నింపుకుని తిరిగొస్తూ ఈ ఓడ సముద్రం పైన వాతావరణంలో కాలిపోతుంది. దాన్ని చేసిందే అందుకు. తెలుసు. కానీ ఆ రోజు మాత్రం నేను చూడను.

నీకు ఆగస్టులో పంపిన పెట్టె ఇంకా కస్టమ్స్‌లోనే ఉన్నట్టు చూపిస్తోంది. రోజూ పొద్దున్నే ట్రాకింగ్ నంబరు కొట్టి చూస్తున్నాను. ఆవకాయ సీసా మూతకి రెండు వరసలు టేపు చుట్టాను, నూనె కారి ఉండదు. సున్నుండలు ముందు తినెయ్, ఇన్నాళ్లయింది కదా, వాసన చూసి తిను. పెట్టె చేతికందగానే ఇక్కడ ఎంత రాత్రయినా సరే ఫోన్ చెయ్.

మీ అమ్మ