రిపోర్టు నార్మల్ అయితే లావుతో బెంగ లేదా?

సంపాదకులకు,

బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ సరిగ్గా ఉంటే లావు గురించి బెంగ అక్కర్లేదంటూ గత ఆదివారం మీరు వేసిన వ్యాసం ఒడిశాలోని మా పర్లాకిమిడిలో కొందరికి పండగే అయింది. మా బావగారైతే ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకున్నారు. రెండోసారి అన్నం వడ్డించడానికి అక్క వెనకాడితే తీసి చూపిస్తున్నారు.

వ్యాసంలో ఉన్నది సగం నిజం. పిరుదుల్లో, తొడల్లో చేరే కొవ్వు కంటే పొట్ట లోపల, కాలేయంలో చేరేది ఎక్కువ చెరుపు. అందుకే కొందరు లావుగా ఉన్నా రిపోర్టులు బాగుంటాయి. ఎన్నాళ్లు? అమెరికాలో 90 వేల మంది నర్సులను 30 ఏళ్లు గమనించి 2018లో ఫలితాలు ప్రకటించారు. అలా 'ఆరోగ్యంగా' ఉన్న లావువాళ్లలో ఎక్కువమందిని 20 ఏళ్లు తిరిగేసరికి బీపీయో షుగరో కొలెస్ట్రాలో పట్టుకుంది. పట్టుకోనివాళ్లకూ గుండెజబ్బు ముప్పు, ఇవేవీ లేని మామూలు బరువువాళ్ల కంటే ఎక్కువే. మోకాళ్ల నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగడం సరేసరి, అవి షుగర్ రిపోర్టులో కనపడవు. ఇవేవీ రాయకుండా, ఆ పేజీ వెనకే బరువు తగ్గించే పొడి ప్రకటన వేశారు. ఏది నమ్మమంటారు?

మా వైపు శిబిరాల సంగతి ఇంకా ఘోరం. మొన్న ఒకచోట తూకం మిషను ముల్లు, మనిషి ఎక్కకముందే మూడు కిలోల దగ్గర ఉంది. టీ తాగి వచ్చారా అని అడగకుండానే వేలికి సూది గుచ్చి 'నార్మల్' అని రాసేశారు. మనవాళ్లకు నడుము మగవాళ్లయితే 90, ఆడవాళ్లయితే 80 సెంటీమీటర్లు దాటితే ముప్పని డాక్టర్లే చెప్తారు కదా, టేపు ఏదండీ అంటే, దర్జీ దగ్గరికెళ్లమన్నారు! పోస్టర్లన్నీ ఒడియాలోనే. పక్కనున్న తెలుగు ముసలమ్మలు బొమ్మలు చూసి వచ్చేశారు. 1936లో ఒడిశాను విడదీస్తూ గీత గీసి మమ్మల్ని ఇటు పడేశారు. అప్పట్నుంచి ఇక్కడ తెలుగోళ్లం, శ్రీకాకుళం వెళ్తే ఒడిశావాళ్లం. టేపు కొనే దిక్కు ఎటూ లేదు.

అధికారుల సంగతి ఎలాగూ తెలిసిందే, మీరైనా ఆ మిగతా సగం వేయండి. జిల్లా పేజీలో మూలకు కాదు, అదే ఆదివారం పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో, నడుము కొలతలతో సహా.

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా