పడ్డల ధర పడిన ఏడు

సంపాదకులకు,

ఎండుగడ్డి దొరకని ఏడు గేదె పడ్డలను, అంటే ఇంకా ఈనని ఆడ గేదెలను, సంతకు తోలేసి, ఆ చవక ధరే నిలుస్తుందని నమ్మడం మా పాడి రైతులు పదేపదే చేస్తున్న పొరపాటు. ఈరోజు పుట్టిన ఆడదూడ ఎదకు వచ్చి, సుమారు పది నెలలు చూడి మోసి పాలకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది గనుక, ఇప్పటి లోటు అప్పుడుగానీ పాడి గేదెల ధరలో బయటపడదు. 2012తో పోలిస్తే 2019 పశుగణన నాటికి ఆంధ్రప్రదేశ్‌లో గేదెలు తగ్గి సుమారు 62 లక్షలయ్యాయి. కరవులో రెండు పడ్డలను అమ్ముకున్న నేనే మొన్న సంతలో వయసు తెలుసుకోవడానికి పళ్లు చూసి, పొదుగు తడిమి, ధర విని వట్టిచేతులతో తిరిగొచ్చాను. ధర పెరిగాక అందరూ దూడలను అట్టేపెట్టుకుంటారు. సంతకు వచ్చేవి ఇంకా తగ్గుతాయి. అందుకే వానలు బాగా పడినా పడ్డల ధర వెంటనే దిగుతుందని నేననుకోను. పశుసంవర్ధక శాఖ మేత రాయితీని అమ్మకాలు మొదలవకముందే, ముఖ్యంగా ఆడదూడలకు, అందించాలి.

– ఒక పాడి రైతు, ప్రకాశం జిల్లా