చెమట పట్టీని మన ఎండల్లో పరీక్షించాలి

సంపాదకులకు,

అయ్యా,

చర్మానికి అంటించుకునే పలుచని పట్టీతో మూత్రపిండాల పనితీరును ఎప్పటికప్పుడు తెలుసుకోవచ్చన్న వార్తలు తరచుగా వస్తున్నాయి. శుభలేఖలు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ పద్ధతిలోనే, వంగే ప్లాస్టిక్ పొర మీద వెండి, కార్బన్ సిరాలతో ఎలక్ట్రోడ్లను ముద్రించి, మూత్రపిండాలు వడకట్టే యూరియా, క్రియాటినిన్ అనే వ్యర్థాలూ, పొటాషియమూ చెమటలో ఏ పాళ్లలో ఉన్నాయో కొలుస్తారు. ముద్రణ కాబట్టి చౌకగా, పెద్దసంఖ్యలో తయారు చేయవచ్చు. అయితే ఈ పట్టీలను మన ఎండల్లో, మన కూలీల ఒంటి మీద పరీక్షించకుండా ఇక్కడి ఆసుపత్రులకు తేవడం తగదని నా మనవి.

చెమట పట్టే వేగాన్ని బట్టి అందులోని పదార్థాల పాళ్లు మారిపోతాయి. తాడిపత్రి బండల పాలిష్ ఫ్యాక్టరీలో మే నెలలో పనిచేసే కూలీకీ, చల్లని ప్రయోగశాలలో సైకిల్ తొక్కే వాలంటీరుకూ ఒకే అంకె వచ్చినంత మాత్రాన ఇద్దరి మూత్రపిండాలూ ఒకే తీరున ఉన్నట్టు కాదు. పైగా యూరియాను గుర్తించే యూరియేజ్ ఎంజైము వేడికి శక్తి కోల్పోతుంది. 40 డిగ్రీలు దాటే ఊళ్లో, ఫ్రిజ్ ఉన్నా కరెంటు ఉండని మందుల గదిలో, ఆ పట్టీ ఎన్నాళ్లు పనిచేస్తుందో తయారీదారులే చెప్పాలి.

వీటి అవసరం ఎక్కువగా ఉన్నది డయాలసిస్ రోగులకు. రెండు డయాలసిస్‌ల మధ్య రోజుల్లో రక్తంలో పొటాషియం పెరిగితే, ముందుగా ఏ లక్షణమూ కనిపించకుండానే గుండె లయ తప్పవచ్చు. దూరపు మండలాల నుంచి బస్సెక్కి వచ్చేవారికి ఇంట్లోనే హెచ్చరిక అందితే అంతకంటే కావలసిందేముంది? కానీ చెమటలోని పొటాషియాన్ని చూసి రక్తంలో ఎంత ఉందో నమ్మకంగా చెప్పగల స్థితి ఇంకా రాలేదు. చర్మం కింది ద్రవాన్ని అందుకునే సూక్ష్మసూదుల పట్టీలే ఇందుకు మెరుగైన దారి అని నా అభిప్రాయం.

అనంతపురంలోని జేఎన్‌టీయూ, ప్రభుత్వ వైద్య కళాశాల కలిసి, కూలీల నుంచీ రోగుల నుంచీ వారి సమ్మతితో చెమట, రక్త నమూనాలను ఒకే రోజు సేకరించి పోల్చి, ఫలితాలను వెల్లడించాలని కోరుతున్నాను. ఈలోగా చేయదగిన పని ఒకటుంది. మూత్రపిండాల సామర్థ్యం దాదాపు సగం తగ్గేదాకా రక్తంలో క్రియాటినిన్ పెద్దగా పెరగకపోవచ్చు. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మాత్రం చాలామందిలో అంతకుముందే కనిపిస్తుంది. ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ చూస్తున్న గ్రామ ఆరోగ్య కేంద్రాల్లోనే, ఆ రెండింటిలో ఏది ఉన్నా ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా చేసేలా జిల్లా వైద్యాధికారులు ఆదేశాలివ్వాలి.

– విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
తాడిపత్రి, అనంతపురం జిల్లా